తీర్పు ముందు వణికిన బోధకుడు

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో ధారూర్ ఉంది. సుమారు నూరేళ్లుగా ఏటా నవంబరులో అక్కడ మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతోంది. తెలంగాణ పల్లెల నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా విశ్వాసులు పిల్లాపాపలతో తరలివచ్చి, గుడారాలు వేసుకుని, రోజుల తరబడి ప్రార్థనల్లో గడుపుతారు. మెథడిస్టు అనే మాట ఈ ప్రాంతంలో మనకు ఇంటిపేరంత దగ్గరిది. మన పెద్దల్లో చాలామంది ఆ మిషను బడిలో అక్షరాలు దిద్దారు, ఆ మిషను ఆసుపత్రిలో మందు తీసుకున్నారు, ఆ గుడిలోనే పెళ్లి ప్రమాణాలు చేశారు.

ఆ పేరుకు మూలమైన జాన్ వెస్లీని మనం గుర్రం మీద ఊరూరా తిరిగిన గొప్ప సువార్తికుడిగా ఎరుగుదుం. కాని గురువుగా అభిషేకం పొంది ఏళ్లు గడిచాక కూడా ఆయన చావంటే భయపడ్డాడనీ, దేవుని తీర్పు ముందు తాను నిలవలేనని వణికాడనీ మనం అంతగా చెప్పుకోం. ఆ భయాన్ని ఆయన దాచుకుని ఉంటే వెస్లీ చరిత్ర అక్కడితో ముగిసేది. దాచుకోలేదు కాబట్టే ఆ జీవితం ఈనాటి మన భక్తికి అద్దం పడుతోంది.

అగ్నిలోంచి లాగిన కొరవి

వెస్లీ 1703 జూన్‌లో ఇంగ్లండులోని ఎప్వర్త్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి గురువు. తల్లి సుసన్నా పిల్లలకు చదువూ ప్రార్థనా రెండూ ఒక క్రమంలో నేర్పిన ఇల్లాలు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి గురువుగారి ఇల్లు అంటుకుంది. అందరూ బయటపడ్డారు గాని అయిదేళ్ల జాన్ పైగదిలో చిక్కుకుపోయాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేక ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, కిటికీలోంచి పిల్లవాణ్ణి లాగారు. మరుక్షణంలో కప్పు కూలిపోయింది. జెకర్యా గ్రంథంలోని అగ్నిలోంచి తీసిన కొరవి తానేనని వెస్లీ జీవితాంతం అనుకున్నాడు. ఈ బిడ్డను దేవుడు ఏదో పనికి కాపాడాడని తల్లి కూడా నమ్మింది.

ఆయన ఆక్స్‌ఫర్డులో చదివి, 1725లో డీకన్‌గా, 1728లో గురువుగా అభిషేకం పొందాడు. 1729 నుంచి తమ్ముడు చార్లెస్‌తోనూ మరికొందరు మిత్రులతోనూ కలిసి ఒక చిన్న భక్తి బృందాన్ని నడిపాడు. వాళ్లు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండేవారు. వారం వారం ప్రభువు బల్లలో పాలుపొందేవారు. జైలుకు వెళ్లి ఖైదీలను పరామర్శించేవారు. గంట గంటకూ చేయవలసిన పనిని లెక్క రాసుకునేవారు. ఈ పద్ధతి చూసి తోటి విద్యార్థులు ఎగతాళిగా పెట్టిన పేరే మెథడిస్టులు.

డబ్బు విషయంలోనూ వెస్లీ లెక్క వింతగా ఉండేది. ఏడాదికి 30 పౌన్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 పౌన్లు పేదలకిచ్చాడు. 60 వచ్చినప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. 120 వచ్చిన ఏడాది 92 ఇచ్చేశాడు.

ఇలాంటి మనిషిని వేషధారి అనడానికి మనకు నోరు రాదు. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. అయితే వేషధారణ అంటే ఇతరులను మోసం చేయడమే కాదు. పైన జరిగే భక్తిని చూసి లోపల కూడా అంతా బాగానే ఉందని మనల్ని మనమే నమ్మించుకోవడం దానికంటే లోతైన వేషం. అది ఎదుటివాడికి కనిపించదు, వేసుకున్నవాడికీ కనిపించదు. ఏదో ఒక గాలి వచ్చి ఆ తెరను లేపాలి. వెస్లీకి ఆ గాలి సముద్రం మీద వీచింది.

ఓడలో తుపాను

1735 అక్టోబరులో వెస్లీ అమెరికాలోని జార్జియా అనే బ్రిటిషు వలసకు బయలుదేరాడు. అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పాలని ఆశ. ఆ ఓడలోనే మొరేవియన్లు అనే జర్మను విశ్వాసుల గుంపు ఒకటి ప్రయాణం చేస్తోంది. 1736 జనవరిలో తుపాను మీద తుపాను వచ్చింది. 25వ తేదీ సాయంత్రం మొరేవియన్లు ఆరాధన మొదలుపెట్టి కీర్తన పాడుతుండగా ఒక పెద్ద అల ఓడ మీద విరుచుకుపడింది. పెద్ద తెరచాప చినిగిపోయింది, నీళ్లు ఓడలోకి దూకాయి. ఇంగ్లీషు ప్రయాణికులు కేకలు పెట్టారు. జర్మన్లు మాత్రం పాట ఆపలేదు.

తుపాను తగ్గాక వెస్లీ వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి భయం వేయలేదా అని అడిగాడు. లేదని జవాబు వచ్చింది. మరి ఆడవాళ్లకు, పిల్లలకు అని అడిగితే వాళ్లకూ చావంటే భయం లేదని చెప్పాడు.

ఆ జవాబు వెస్లీని కుదిపేసింది. ఆయన వేదపండితుడు, పదేళ్లుగా వాక్యం చెబుతున్నవాడు. చేతి పనితో బతికే ఆ వలసదారుల పిల్లలకున్న నిబ్బరం ఆయనకు లేదు. చనిపోవడానికి తాను సిద్ధంగా లేనని దినచర్య పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. ఒడ్డు చేరాక స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియను పెద్ద, క్రీస్తు నిన్ను రక్షించాడని నీకు తెలుసా అని సూటిగా అడిగాడు. వెస్లీ తెలుసన్నట్టే చెప్పాడు గాని ఆ మాటలు వట్టివేమోనని తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. బోధకుడి నోటికి జవాబు వచ్చినా గుండెకు రాలేదు.

బల్ల దగ్గర తీర్పు

జార్జియాలో వెస్లీ కఠినమైన నియమాలతో పరిచర్య చేశాడు. సవన్నా ఊరి ప్రధాన న్యాయాధికారి మేనకోడలు సోఫీ హాప్కీ ఆయన దగ్గర చదువుకునేది, ఆమె మీద ఆయనకు మనసు కలిగింది. పెళ్లి చేసుకోవాలా వద్దా అని నెలల తరబడి ఊగిసలాడి, చివరికి చీట్లు వేసి వద్దని తేల్చుకున్నాడు. ఆమె 1737 మార్చిలో వేరొకరిని పెళ్లి చేసుకుంది. ఆగస్టులో ఒక ఆదివారం ఆమె ప్రభువు బల్ల దగ్గరికి వస్తే, నియమాలు పాటించలేదంటూ వెస్లీ ఆమెకు సంస్కారం నిరాకరించాడు.

నియమం ఆయన పక్షాన ఉండవచ్చు. కాని అందులో నియమం ఎంత, గాయపడిన మనసు ఎంత అని ఊరంతా అడిగింది. మర్నాడే అరెస్టు వారెంటు వచ్చింది. ఆమె భర్త వెయ్యి పౌన్ల పరువునష్టం అడిగాడు. గ్రాండ్ జ్యూరీ ఆయన మీద పది అభియోగాలు మోపింది. విచారణ వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి డిసెంబరు 2వ తేదీ రాత్రి, సాయంకాల ప్రార్థన ముగించి వెస్లీ ఆ ఊరు విడిచి వెళ్లిపోయాడు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. బల్ల దగ్గర ఇంకొకరికి తీర్పు తీర్చిన మనిషి కొద్ది రోజుల్లోనే తీర్పు కోసం నిలబడ్డాడు. మనుషుల కోర్టును తప్పించుకుని పడవ ఎక్కగలిగాడు గాని తన మనస్సాక్షిని ఒడ్డున వదిలిపెట్టలేకపోయాడు. తిరుగు ప్రయాణంలోనూ చావుభయం ఆయన్ని వెంటాడింది. ఇతరులను మార్చడానికి వెళ్లిన తాను ఇంకా మారనేలేదనీ, దేవుని ఉగ్రత కిందే ఉన్నాననీ ఇంగ్లండు చేరాక రాసుకున్నాడు. అది 1738 ఫిబ్రవరి. అప్పటికి ఆయన గురువై పదేళ్లు కావస్తోంది.

ఆ సాయంత్రం

లండనులో పీటర్ బోలర్ అనే యువ మొరేవియను ఆయనకు తారసపడ్డాడు. రక్షణ అనేది పనులకు కూలి కాదనీ, క్రీస్తు మీద నమ్మిక వల్ల ఉచితంగా దొరికే క్షమాపణ అనీ లేఖనాలు తెరిచి చూపించాడు. వెస్లీ వాదించాడు, వెతికాడు, చివరికి అది నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా మనసుకు నెమ్మది రాలేదు.

1738 మే 24వ తేదీ మధ్యాహ్నం ఆయన లండనులోని సెయింట్ పాల్స్ దేవాలయానికి వెళ్లాడు. అక్కడ 130వ కీర్తన పాడారు. దేవుడు మన దోషాలను లెక్కపెడితే నిలవగలవాడు ఎవడూ లేడనీ, అయినా ఆయన దగ్గర క్షమాపణ ఉందనీ చెప్పే కీర్తన అది. ఆ సాయంత్రం ఆల్డర్స్‌గేట్ వీధిలో జరుగుతున్న ఒక చిన్న కూటానికి, వెళ్లడానికి మనసు లేకపోయినా, వెళ్లాడు. ఒకాయన రోమా పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నాడు. రాత్రి తొమ్మిదికి పావు గంట తక్కువ ఉండగా వెస్లీ హృదయంలో ఒక వింతైన వెచ్చదనం కలిగింది. క్రీస్తు తన పాపాలను, తనవే, తీసివేశాడన్న నిశ్చయం కుదిరింది. పదేళ్ల పాండిత్యం ఇవ్వలేనిది ఆ పూట దొరికింది.

తీర్పు దినాన్ని ఆయన అప్పటి నుంచి మరిచిపోలేదు. అంతకుముందు కంటే ఎక్కువగానే బోధించాడు. అయితే ఆ రోజున కూర్చునే న్యాయాధిపతి తన కోసం ప్రాణం పెట్టినవాడేనన్న ఎరుకతో బోధించాడు.

గుడి తలుపులు మూసుకున్నాక

ఆయన బోధ చాలామంది గురువులకు రుచించలేదు. ఒక్కొక్క గుడి తలుపూ మూసుకుంది. 1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్ ఊరి బయట ఆరుబయట నిలబడి వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. బొగ్గు గనుల కూలీలు వేలాదిగా వచ్చారు. 1742లో సొంత ఊరు ఎప్వర్త్‌లో గుడిలోకి రానివ్వకపోతే, బయట తండ్రి సమాధి రాతి మీద నిలబడి బోధించాడు.

1741లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు గుడిలో, దాదాపు క్రైస్తవుడైనవాడి గురించి ప్రసంగించాడు. అబద్ధమాడడు, తాగడు, ఆరాధన మానడు, దానం చేస్తాడు, అయినా అతడు ఇంకా గడప బయటే ఉన్నాడని వివరించి, ఏళ్ల తరబడి తానే అలాంటివాణ్ణని ఆ పండితుల ఎదుట చెప్పుకున్నాడు. 1744లో అదే వేదిక మీద నుంచి ఆక్స్‌ఫర్డు అధ్యాపకులనే సూటిగా ప్రశ్నించాడు. మీ జీవితాల్లో క్రైస్తవ్యం ఎక్కడుందని అడిగాడు. ఆ తర్వాత ఆ విశ్వవిద్యాలయం ఆయన్ని ప్రసంగానికి మళ్లీ పిలవలేదు.

తీర్పు గురించి ఆయన చేసిన ప్రసంగాల్లో ప్రసిద్ధమైనది 1758 మార్చి 10న బెడ్‌ఫోర్డ్ పట్టణంలో చేసింది. అప్పట్లో లండను నుంచి న్యాయమూర్తులు జిల్లా జిల్లాకూ వచ్చి పెద్ద నేరాలు విచారించేవారు. మన సెషన్స్ కోర్టు వంటిదనుకోవచ్చు. దొంగతనాలకు సైతం ఉరి వేసే రోజులవి. విచారణకు ముందు న్యాయమూర్తి గుడికి వచ్చి ప్రసంగం వినడం ఆచారం. ఆ ఏడాది ప్రసంగించే పని వెస్లీకి అప్పగించారు. ఎదురుగా న్యాయమూర్తి సర్ ఎడ్వర్డ్ క్లైవ్, అధికారులు, పట్టణ పెద్దలు కూర్చున్నారు. ఆయన రోమా 14:10 తీసుకున్నాడు. మనమందరం క్రీస్తు న్యాయపీఠం ఎదుట నిలబడతామనే భావం గల వచనం అది.

తీర్పు తీర్చే పెద్దమనిషిని ఎదురుగా పెట్టుకుని, తీర్పు తీర్చేవాళ్లు కూడా నిలబడే కోర్టు గురించి మాట్లాడాడు. అక్కడ పనులే కాదు మాటలూ, మాటలే కాదు మనసులోని ఉద్దేశాలూ బయటపడతాయని చెప్పాడు. నీతిమంతుల క్షమించబడిన పాపాలు కూడా అక్కడ తెలుస్తాయన్నాడు. అవి వాళ్లను సిగ్గుపరచడానికి కాదు, దేవుని కృప ఎంత గొప్పదో తెలియడానికి. దాచుకోవడానికి ఏమీ మిగలని చోట క్షమాపణ మాత్రమే ఆసరా. ప్రసంగం కాగానే న్యాయమూర్తి ఆయన్ని భోజనానికి ఆహ్వానించాడు. వెస్లీ వీలుకాదని మర్యాదగా కబురు పంపి, కోతపెట్టే చలిగాలిలో తర్వాతి ఊరికి బయలుదేరాడు.

సంఘంలో లెక్క

ఇతరుల వేషం విప్పి ఊరుకుంటే వెస్లీ కూడా ఇంకో పరిసయ్యుడే అయ్యేవాడు. ఆయన తన సొంత జనాన్నే ముందు లెక్క అడిగాడు. 1743లో సొసైటీల కోసం నియమాలు అచ్చువేశాడు. చేరాలనుకునేవాడికి ఒకటే షరతు. రాబోయే ఉగ్రతను తప్పించుకోవాలన్న కోరిక ఉండాలి. బాప్తిస్మమిచ్చు యోహాను ఈ ఉగ్రత మాటను పరిసయ్యులతోనూ సద్దూకయ్యులతోనూ అన్నాడని మత్తయి 3:7లో చూస్తాం. వేషధారులను బెదరగొట్టిన మాటనే వెస్లీ తన వాళ్లందరికీ గడపగా పెట్టాడు. ఆ కోరిక నిజమైనదైతే మూడు విధాలుగా కనబడాలన్నాడు. కీడు చేయకపోవడం, మేలు చేయడం, దేవుడు నియమించిన ఆరాధనా సాధనాలను విడవకపోవడం.

సభ్యులను పన్నెండేసి మంది చొప్పున క్లాసులుగా విభజించాడు. ప్రతి క్లాసుకూ ఒక నాయకుడు. వారానికోసారి ఒక్కొక్కరి ఆత్మ ఎలా ఉందో అడగాలి. మూడు నెలలకోసారి పరిశీలించి టికెట్టు ఇవ్వాలి. 1743 మార్చిలో న్యూకాసిల్ సొసైటీని స్వయంగా పరిశీలించి 64 మందిని తొలగించాడు. ఆ లెక్కను పుస్తకంలో రాసిపెట్టాడు. తాగుబోతుతనానికి 17 మంది, సారా అమ్మినందుకు ఇద్దరు, బూతులకూ ఒట్లకూ ఇద్దరు, విశ్రాంతి దినాన్ని మీరినందుకు ఇద్దరు, కొట్లాటలకు ముగ్గురు, భార్యను కొట్టినందుకు ఒకడు, అలవాటుగా అబద్ధాలాడినందుకు ముగ్గురు, చాడీలకూ దూషణలకూ నలుగురు, సోమరితనానికి ఒకడు, అశ్రద్ధకూ తేలికతనానికీ 29 మంది. వీళ్లంతా కూటాలకు వచ్చేవాళ్లే, పాటలు పాడేవాళ్లే. ఈ పట్టికను మన సంఘాల రిజిస్టరు పక్కన పెట్టి చూసుకునే ధైర్యం మనకుందా?

వెండి చెంచాలు

వెస్లీ తనను కూడా ఆ పరిశీలన నుంచి మినహాయించుకోలేదు. 1753లో జబ్బుపడి చావు తప్పదనుకున్నప్పుడు, పోయాక ఎవరూ పొగడ్తలు చెక్కకుండా తన సమాధి మాటలు తానే రాసిపెట్టాడు. అందులో తాను అగ్నిలోంచి లాగిన కొరవిననీ, నిష్ప్రయోజకుడైన దాసుణ్ణనీ చెప్పుకున్నాడు. ఓడలో చావును చూసి వణికిన మనిషి ఇప్పుడు దాని ఎదుట పొగడ్తను తోసేస్తున్నాడు.

1766లో చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో తన హృదయంలోని పొడితనాన్ని, దేవుణ్ణి ప్రేమించవలసినంతగా ప్రేమించలేదన్న బాధను దాపరికం లేకుండా విప్పాడు. అప్పటికి ఆయన వేలమందికి తండ్రివంటివాడు. 1776లో వెండి సామాను మీద పన్ను వసూలు చేసే అధికారులు, మీ ఇంట్లో వెండి ఎంతుందని రాస్తే, లండనులో రెండు, బ్రిస్టల్‌లో రెండు వెండి చెంచాలున్నాయనీ, చుట్టూ ఇంతమంది అన్నానికి లేక ఉండగా ఇంకేమీ కొననని జవాబిచ్చాడు. 1789లో, 86 ఏళ్ల వయసులో, మెథడిస్టులు కష్టపడి సంపాదిస్తున్నారు గాని పేదలకిచ్చేవారు తగ్గిపోయారని కన్నీటితో హెచ్చరించాడు.

ముసలితనంలో ఆయన సరిదిద్దుకున్న మాట ఒకటుంది. తొలి రోజుల్లో, నిశ్చయం లేనివాడు పూర్తిగా ఉగ్రత కిందే ఉన్నాడని ఆయనా ఆయన తోటివారూ చెప్పారు. 1738లో తన గురించి రాసుకున్న కఠినమైన మాటల పక్కన కూడా తర్వాత సవరణలు చేర్చాడు. దేవునికి భయపడి నీతిగా నడుచుకునేవాడు దాసుని విశ్వాసం గలవాడనీ, అది కొడుకు విశ్వాసం కాకపోయినా దేవుడు దాన్ని తోసివేయడనీ, అక్కడే ఆగిపోకుండా కొడుకు స్థానానికి సాగిపోవాలనీ బోధించాడు. అంటే ఓడలో కలిగిన ఆ వణుకు వృథా కాలేదు. దాసుడుగా ఉన్నవాణ్ణి కొడుకుగా మార్చడానికి దేవుడు తట్టిన తలుపు అది.

1791 మార్చి 2న, 87 ఏళ్ల వయసులో, లండనులో వెస్లీ ప్రశాంతంగా కన్నుమూశాడు. శవపేటిక మోయడానికి ఆరుగురు పేదవాళ్లను పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పౌను ఇవ్వాలని వీలునామాలో రాసిపెట్టాడు.

మన సంగతి

తాండూరు బండలు మనకు తెలిసినవే. పైభాగాన్ని అరగదీసి పాలిష్ పట్టిస్తే అద్దంలా మెరుస్తుంది. అదే బండను తిరగేసి చూడండి, గనిలోంచి తీసినప్పటి గరుకు అలాగే ఉంటుంది. నేల మీద పరిచినంత కాలం ఆ అడుగు ఎవరికీ కనిపించదు. మన భక్తి కూడా ఇలా ఒకవైపు పాలిష్ అయి ఉండవచ్చు. తెల్లబట్టలు, కంఠస్థమైన కీర్తనలు, కమిటీలో పదవి, రసీదులో పేరు పైకి కనిపిస్తాయి. ఇంట్లో మాట్లాడే మాట, తూకంలో చూపే చెయ్యి, తోటి విశ్వాసి మీద పెంచుకున్న పగ అడుగున ఉంటాయి. తీర్పు దినం అంటే ఆ బండను తిరగేసే దినం.

ఆ దినం గురించి వింటే గుండె ఝల్లుమంటుందా? అయితే సంతోషించవలసిందే, గుండె ఇంకా బతికే ఉంది. కాని భయపడిన వాళ్లందరూ ఒకే దారిన పోరు. పౌలు రాబోయే తీర్పు గురించి మాట్లాడితే అధిపతియైన ఫేలిక్సు వణికిపోయాడు. వణికి, ఇప్పటికి వెళ్లు, తీరిక దొరికినప్పుడు చూద్దామని పంపేశాడు (అపొ. కా. 24:25). అతడు మారినట్టు లేఖనంలో ఎక్కడా లేదు. వెస్లీ కూడా వణికాడు. కాని తన భయాన్ని పేరు పెట్టి పిలిచాడు, తనకంటే చిన్నవాళ్ల దగ్గర పాఠం నేర్చుకున్నాడు, పరువు పోయినా నిజం ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరి భయం ఒకటే, భయపడ్డాక చేసిన పని వేరు.

తీర్పు దేవుని ఇంటి నుంచే మొదలవుతుందని పేతురు చెప్పాడు (1 పేతురు 4:17). కాబట్టి తీర్పు మాట వినగానే పక్క సంఘం వైపు, ఎదురింటి వైపు చూడకుండా మన వైపు చూసుకుందాం. ఒకరి వల్ల గాయపడి, ఆ గాయానికి నియమం అనే పేరు పెట్టి వాళ్లను దూరం పెట్టామేమో వెతుకుదాం. మనలో ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి కూర్చుని, నీ ఆత్మ ఎలా ఉందని ఒకరినొకరు ప్రేమతో అడుగుదాం. అడిగినప్పుడు నిజం చెబుదాం. న్యాయపీఠం మీద కూర్చోబోయే ప్రభువు ఈ రోజు ఇంకా రక్షకుడిగా చేతులు చాచి నిలబడి ఉన్నాడు. భయంతోనైనా సరే, ఇప్పుడే ఆయన దగ్గరికి వెళ్దాం.